మీ బోరులో చిప్పలు వచ్చాయి సరే, పొరల వరుస ఏంటి?

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్తాను, మధ్యలో చదివేవాళ్లకీ అర్థం కావాలి కదా. వేళచ్చేరిలో ఇల్లు కట్టడానికి ముందు బోరు వేయించారు. 20 అడుగుల దగ్గర నల్లటి జిగురు బంకమన్ను, అందులో చిప్పలు, దాని కింద తెల్లటి ఇసుక వచ్చాయి. సముద్రం ఇప్పుడు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉంది, మరి ఒకప్పుడు మా వీధి దాకా సముద్రం ఉండేదా, లేక ఏదో పాత సునామీ ఇదంతా తెచ్చి పోసిందా అన్నది మీ ప్రశ్న. కింద ఒకాయన "చిప్పలున్నాయంటే సముద్రమే, ఇంకేం కావాలి" అని రాశారు. చెన్నైలో చాలాకాలంగా పునాదుల కోసం తీసే మట్టి నమూనాలు చూసే పనిలోనే ఉన్నాను కాబట్టి ఈ మాట నాకు రోజూ వినిపిస్తుంది. ఇది సరైన మాట కాదు.

సునామీ సంగతి ముందే తేల్చేద్దాం. 2004 డిసెంబర్ 26న వచ్చిన సునామీ మన తీరమంతా ఇసుక పరిచి వెళ్లింది, కానీ చాలాచోట్ల ఆ పొర మందం కొన్ని సెంటీమీటర్లే, బాగా మేట వేసిన చోట కూడా కొన్ని పదుల సెంటీమీటర్లకు మించదు, పైగా లోపలికి వెళ్లేకొద్దీ పలచబడిపోతుంది. దాని అడుగు కత్తితో కోసినట్టు ఉంటుంది, కింద ఉన్న బురదను పెళ్లగించి ఆ ముక్కల్నే ఇసుకలో కలుపుకుని ఉంటుంది. పాత సునామీని వెతికేవాళ్లు బురద మధ్యలో ఇరుక్కున్న అలాంటి పలచటి ఇసుక పొర కోసం చూస్తారు. మీకు దొరికింది అడుగుల కొద్దీ మందమున్న మెత్తటి బంకమన్ను. అంత బంకమన్ను పేరుకోవాలంటే నీళ్లు కదలకుండా చాలాకాలం, వందల ఏళ్లు, ఒక్కోచోట వేల ఏళ్లు నిలబడి ఉండాలి. ఒక్కరోజు ఉప్పెన పని కాదది.

ఇక సముద్రమా కాదా అన్న అసలు విషయం. చిప్ప ఒక్కటే ఏమీ చెప్పదు, ఏ చిప్ప, ఎలా పడుంది, దాని పైనా కిందా ఏముంది అన్నవి చెప్తాయి. రెండు చిప్పలూ కలిసి మూసుకునే ఉండి, బతికున్నప్పుడు బురదలో ఎలా నిలబడి ఉండేదో అలాగే దొరికితే ఆ జీవి అక్కడే పుట్టి అక్కడే చచ్చిందని అర్థం. విడివిడిగా, అంచులు అరిగిపోయి, ముక్కలు ముక్కలుగా, డొప్ప పైకి తిరిగి బోర్లా పడి ఉంటే నీళ్లు ఎక్కడినుంచో దొర్లించుకొచ్చాయని అర్థం. ఏ జాతి అన్నది ఇంకా ముఖ్యం. మెరీనాలోనో బెసెంట్ నగర్‌లోనో అల వెనక్కి వెళ్లగానే గబగబా ఇసుకలోకి దూరిపోయే చిన్న ముక్కోణపు చిప్పలుంటాయి చూడండి, డొనాక్స్ అంటారు, అవి అలలు కొట్టే ఇసుకలో తప్ప బతకవు. అదే క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ అనే ఆలుచిప్ప, పేరే మన మద్రాసుది, నది మొగల్లో, ఉప్పూ మంచినీళ్లూ కలిసేచోట రాళ్లకు అంటుకుని పెరుగుతుంది. సూదిలా పొడుగ్గా, మెలికలు తిరిగిన నత్త గుల్లలు, సెరిథిడియా, వందల కొద్దీ వస్తే అది పోటుకు మునిగి ఆటుకు తేలే బురద నేల. ఈ మూడింటినీ పట్టుకుని "గవ్వలు" అని ఒకే మాట అంటే ఉపయోగం లేదు, మూడూ మూడు వేరే వేరే చోట్లు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది, ఈ ఊళ్లో పాతకాలం నుంచీ సున్నం కోసం గుల్లలు బండ్ల మీద తోలేవాళ్లు, ఈ మధ్య చెరువులూ పల్లాలూ ఎక్కడెక్కడి మట్టితోనో పూడ్చేశారు, అందుకని పై పదడుగుల్లో ఏం దొరికినా ముందు అది మనుషులు తెచ్చి పోసింది కాదని నమ్మకం కుదరాలి. మీది 20 అడుగుల్లో ఉంది, పైగా నల్లటి జిగురుమన్నులో ఉంది కాబట్టి ఆ అనుమానం తక్కువ.

తీరం ఎలా పొరలుగా మారుతుందో అర్థం కావాలంటే ఒక ఆదివారం పులికాట్ వెళ్లి రండి, చెన్నైకి ఉత్తరంగా 60 కిలోమీటర్లే, మన సూళ్లూరుపేట వైపు నుంచైనా వెళ్లొచ్చు. శ్రీహరికోట మొత్తం సముద్రానికీ సరస్సుకీ మధ్య అడ్డంగా పడుకున్న ఇసుక దిబ్బ. సముద్రం వైపు అలలు కొట్టే గట్టి ఇసుక, వెనకాల గాలి ఎగరేసిన మెత్తటి ఇసుక దిబ్బలు, ఆ వెనక తుఫాను రోజుల్లో అలలు దిబ్బ దాటి పారబోసిన ఇసుక మేటలు, ఇంకా వెనక ఉప్పు పర్రలు, అక్కడక్కడా మడ మొక్కలు, చివరికి సరస్సు అడుగున నల్లటి మెత్తటి బురద. ఇవన్నీ ఈరోజు పక్కపక్కనే ఉన్నాయి, కొన్ని కిలోమీటర్ల వెడల్పులో. ఇప్పుడు ఈ మొత్తం అమరిక కొన్ని వందల ఏళ్లలో సముద్రం వైపుకో నేల వైపుకో జరిగిందనుకోండి. అప్పుడు ఒకే చోట బోరు వేస్తే ఏమవుతుంది? నిన్న పక్కన ఉన్నది ఈరోజు పైకి ఎక్కుతుంది. పక్కపక్కన ఉండేవే ఒకదాని మీద ఒకటి వస్తాయి. జర్మనీకి చెందిన యోహన్నెస్ వాల్టర్ 1894లో స్పష్టంగా రాసిపెట్టిన సూత్రం ఇదే, మా పనంతా దీనిమీదే నడుస్తుంది.

దీన్ని మీ బోరుకు పెట్టి చూడండి. కింద బీచ్ ఇసుక, పైన సరస్సు బంకమన్ను ఉంటే ఇసుక దిబ్బ సముద్రం వైపు జరిగి, దాని వెనక ఉండే సరస్సు మీ స్థలం మీదకు వచ్చిందన్నమాట, అంటే తీరం ముందుకు వెళ్లింది, నేల పెరిగింది. అవే రెండు పొరలు తలకిందులుగా, కింద బంకమన్ను పైన బీచ్ ఇసుక ఉంటే దిబ్బే వెనక్కి దొర్లి సరస్సును కప్పేసింది, సముద్రం లోపలికి వచ్చింది. అదే ఇసుక, అదే మన్ను, వరుస మారితే కథ పూర్తిగా తిరగబడుతుంది. అందుకే నేను ఎవరు మట్టి ఫోటో పెట్టినా మొదట అడిగేది వరుస. కాకపోతే ఈ సూత్రానికి ఒక షరతు ఉంది, రెండు పొరల మధ్య తెంపు ఉండకూడదు. మధ్యలో అలలో నదో కొంత కోసుకుపోయి ఉంటే పైదీ కిందదీ ఎప్పుడూ పక్కపక్కన లేనివే కావచ్చు. ఆ తెంపు దగ్గర సాధారణంగా గులకరాళ్లు, విరిగిన చిప్పలు ఒక సన్నటి పట్టీలా పేరుకుని ఉంటాయి, బోరులో ఇది చాలా తేలిగ్గా మిస్ అయిపోతుంది.

ఇప్పుడు మీ "తెల్లటి ఇసుక" ఏ ఇసుక? మొత్తం జవాబు దీనిమీదే ఉంది, మీరు ఒక్క ముక్కే రాశారు. నది ఇసుక అయితే సన్నవీ లావువీ కలగాపులగంగా ఉంటాయి, అంచులు గరుకుగా, మధ్యలో చిన్న గులకలు, మెరిసే అభ్రకం రేకులు కనిపిస్తాయి. బీచ్ ఇసుక అలలు కొన్ని లక్షల సార్లు జల్లెడ పట్టినది, దాదాపు అన్నీ ఒకే సైజు, అభ్రకం చాలా తక్కువ, చిప్పల పొడి ఉంటుంది, నల్లటి ఇల్మనైట్, ఎర్రటి గార్నెట్ గింజలు పట్టీలుగా ఉంటాయి. ఇది నమ్మకం కలగాలంటే తిరువాన్మియూర్ బీచ్‌లో పొద్దున్నే ఒడ్డు నుంచి నీళ్ల వైపు, ఒక అడుగు లోతు కాలువ చేత్తోనే తవ్వండి. గోడ నిటారుగా కోసి ఒక ఐదు నిమిషాలు ఆగండి. తెలుపు, నలుపు, గులాబీ రంగు గీతలు దారాల్లా సన్నగా, అన్నీ సముద్రం వైపు కొద్దిగా వాలి కనిపిస్తాయి. ఒక్కో గీతా అల ఎక్కి దిగిన గుర్తు. నల్లగీతలు దట్టంగా ఉన్నచోట పెద్ద అలలు తేలిక గింజల్ని ఊడ్చుకుపోయి బరువైనవాటిని వదిలేశాయి. ఆ వాలు, ఆ గీతలు కలిసి వేరేచోట అరుదు, నది ఇసుకలో వాలు ఇంకా ఎక్కువగా ఉంటుంది, ప్రవాహం దిక్కుకి ఉంటుంది. ఆ గోడలోనే నిలువుగా దిగిన గొట్టాల్లాంటివి కనిపిస్తే అవి పీతల బొరియలు. ఘోస్ట్ రొయ్య అనే ఇంకో జీవి బొరియ గోడలకు చిన్న చిన్న ఉండలు అతికించి గట్టి చేసుకుంటుంది, కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో కూడా ఆ ఉండల గోడ చెక్కుచెదరకుండా కనిపిస్తే, అది తీరానికి దగ్గరి ఇసుక అని అనుకోవడానికి చాలా బలమైన ఆధారం.

ఆటుపోట్ల గురించి పుస్తకాల్లో చదివినవాళ్లు "అయితే అమావాస్య పౌర్ణమి పొరలు కనిపించాలి కదా" అంటారు. అది చాలా అందమైన విషయం, కానీ చెన్నైలో దాన్ని వెతకొద్దు. సంగతి ఇది: పోటు వచ్చేటప్పుడు నీళ్ల వేగానికి ఇసుక వస్తుంది, పోటు నిలబడ్డ కాసేపట్లో నీళ్లలో తేలుతున్న బురద కిందకి దిగి సన్నటి పొరలా కప్పుతుంది, మళ్లీ ఆటు, మళ్లీ ఇసుక. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బలంగా ఉంటుంది కాబట్టి ఇసుక పొర లావు, అష్టమి దగ్గర పోటు మందగిస్తుంది కాబట్టి పొర సన్నం. అలా లావు, సన్నం, మళ్లీ లావు అంటూ పక్షం పక్షానికీ లెక్క తప్పకుండా నడుస్తుంది. ఒడ్డున ఎక్కడైనా ఇలాంటి లయ దొరికితే ఇంక వాదన అక్కర్లేదు, అది ఆటుపోట్ల పనే, నదికి పంచాంగం తెలియదు. కానీ చెన్నైలో పెద్ద పోటుకి కూడా నీటి మట్టంలో తేడా మీటరుకి కాస్త అటూ ఇటూనే. గుజరాత్‌లో ఖంభాత్ అఖాతం దగ్గర అది 10 మీటర్లు దాటుతుంది. మన తీరాన్ని నడిపేది అలలు, పోటు కాదు, అందుకే ఇక్కడ దొరికేది దిబ్బ ఇసుక, వెనక సరస్సు మన్ను. లయతో కూడిన పొరలు అడయార్ మొగలో కాస్తో కూస్తో ఏర్పడినా పీతలూ పురుగులూ తవ్వి కలిపేస్తాయి.

ఈ లయ ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పకుండా ఉండలేను. దక్షిణ ఆస్ట్రేలియాలో ఎలటీనా అనే రాతి పొరలున్నాయి, 60 కోట్ల ఏళ్లు దాటినవి. అక్కడి సన్నపొరల లయను జార్జ్ విలియమ్స్ అనే ఆయన మొదట సూర్యుడి మచ్చల చక్రం అనుకున్నారు, తర్వాత తనే దాన్ని వదిలేసి ఆటుపోట్ల పొరలని తేల్చారు. లెక్క కట్టి చూస్తే అప్పటి ఏడాదికి దాదాపు 400 రోజులు, రోజుకి 22 గంటలకు కాస్త తక్కువ అని వచ్చింది. చంద్రుడు ఇప్పటికీ ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున మన నుంచి దూరమవుతున్నాడని చంద్రుడి మీద పెట్టిన అద్దాలకు లేజర్ కొట్టి కొలిచారు, సముద్రపు పోటు రాపిడికే భూమి తిరగడం కూడా నెమ్మదిస్తోంది, అందుకే అప్పటి రోజు పొట్టిది. ఒడ్డున పడ్డ బురద పొరను లెక్కపెట్టి అప్పటి రోజు ఎన్ని గంటలో చెప్పగలగడం, ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

మళ్లీ మీ నల్ల మన్ను దగ్గరికి. ఎందుకు నల్లగా ఉంది? ఆకులూ వేళ్లూ కుళ్లే బురదలో గాలి ఉండదు, అక్కడి బ్యాక్టీరియా సముద్రపు నీళ్లలోని సల్ఫేట్‌ను వాడుకుని కుళ్లిన గుడ్ల వాసన వచ్చే గ్యాస్‌ని వదుల్తుంది, అది ఇనుముతో కలిసి నల్లటి సల్ఫైడ్ అవుతుంది. మంచినీళ్లలో సల్ఫేట్ తక్కువ కాబట్టి మామూలు చెరువు మన్నులో ఇది ఇంత గట్టిగా జరగదు. బోరు నుంచి తీసిన రోజు ఆ వాసన వచ్చిందా? వచ్చి ఉంటే ఉప్పునీళ్లు చేరిన చోటనడానికి అదొక మంచి ఆధారం. ఈ మన్ను కొన్ని వారాలు గాలికి ఆరితే పసుపు పచ్చటి మరకలు పడతాయి, ఆమ్లం పుడుతుంది. ఇది ఇంటికి కూడా సంబంధించిన విషయం, కింద చెప్తాను.

ఉప్పెంత అన్నది తేల్చడానికి ఇంట్లోనే చేసుకోగల పని ఒకటుంది. గుప్పెడు మన్ను ఒక రాత్రి నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడలో, అది దొరక్కపోతే పాత సన్నటి వాయిల్ గుడ్డలో, కుళాయి కింద మెల్లగా కడగండి. బురదంతా పోయి మిగిలిన చిటికెడు ఆరబెట్టి కాలేజీ మైక్రోస్కోప్ కింద పెడితే ఇసుక గింజంత గుండ్రటి చుట్టల్లాంటి చిప్పలు కనిపించొచ్చు, ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవులవి. ఒకటి రెండు రకాలే ఉండి వాటి సంఖ్య మాత్రం విపరీతంగా ఉంటే, ముఖ్యంగా అమ్మోనియా అనే రకం, అది ఉప్పు ఎక్కువ తక్కువ అయ్యే సరస్సో మొగో. రకరకాలవి ఉంటే బయటి సముద్రం. ఏవీ లేకపోతే మంచినీళ్ల మడుగు అయ్యుండొచ్చు, లేక ఆమ్లం వాటిని కరిగించేసి ఉండొచ్చు, అప్పుడు పుప్పొడి చూడాలి, మడ చెట్ల పుప్పొడి దొరికితే ఆ మడుగు అనుమానం తీరిపోతుంది.

ఇక కాలం. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ఉచ్చస్థితిలో ప్రపంచమంతా సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందకి ఉండేది, చెన్నై అప్పుడు తీరపు ఊరు కాదు, ఒడ్డు పదుల కిలోమీటర్లు అవతల ఉండేది. నదులు ఆ కిందికి దిగిన సముద్రాన్ని అందుకోవడానికి లోతుగా కోసుకున్నాయి. తర్వాత మంచు కరిగి నీళ్లు వేగంగా పెరిగి, 7,000 నుంచి 6,000 ఏళ్ల కిందటికి ఇంచుమించు ఇప్పటి మట్టానికి వచ్చాయి. ఆ లోయలూ పల్లాలూ మునిగి ఉప్పునీటి సరస్సులయ్యాయి, వాటి ముందు అలలు ఇసుక దిబ్బలు కట్టాయి, సరస్సులు మెల్లగా పూడిపోయాయి. మన గోదావరి కృష్ణా మధ్య కొల్లేరు కూడా అలాంటిదే, సముద్రం ఇప్పుడు 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది కానీ పాత తీరపు ఇసుక దిబ్బలు కొల్లేటి దగ్గరే వరసగా ఉన్నాయి. పళ్లికరణై చిత్తడి కూడా చెన్నైలో మిగిలిన అలాంటి పల్లమే, దాని నీళ్లు ఇప్పటికీ ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో కలిసి కోవళం దగ్గర సముద్రంలోకి పోతాయి. మీ వేళచ్చేరి దాని అంచున ఉంది. అందుకని మీ నల్లమన్ను ఈ కాలానిదే అయ్యుండటానికి చాలా అవకాశం ఉంది. ఖాయం చేసుకోవాలంటే కార్బన్ డేటింగ్ చేయించాలి, కానీ చిప్పకు కాకుండా మన్నులోని ఆకు ముక్కకో గింజకో చేయిస్తే మేలు. సముద్రపు నీళ్లలోని పాత కార్బన్ వల్ల చిప్పలు అసలు వయసు కంటే కొన్ని వందల ఏళ్లు ఎక్కువ చూపిస్తాయి.

ఇంకో మాట, తీరం జరిగిందంటే సముద్ర మట్టం మారిందనే అర్థం కాదు. 19వ శతాబ్దం చివర్లో హార్బర్ గోడలు కట్టాక దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక ఆగిపోయి మెరీనా ఇంత వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోతకు గురైంది. సముద్ర మట్టం ఒకటే, ఇసుక అందడంలో తేడా అంతే. మెరీనా కింద ఎవరైనా భవిష్యత్తులో బోరు వేసి "ఇక్కడ సముద్ర మట్టం తగ్గింది" అంటే తప్పు చెప్పినట్టే. పాత పొరల విషయంలో కూడా ఈ జాగ్రత్త ఉండాలి.

రాయి అయిపోయిన వాటికీ ఇదే చదువు. తిరుమల కొండ మీద శిలాతోరణం దగ్గర ఈసారి ఆగి చూడండి, ఆ క్వార్ట్‌జైట్ వంద కోట్ల ఏళ్లు దాటిన ఇసుక, ఆ రాళ్లలో పాత అలల గుర్తులు, ఏటవాలు పొరలు ఉన్నాయి. అల గుర్తు రెండు వైపులా సమానంగా ఉంటే ముందుకీ వెనక్కీ ఊగే నీళ్లు, ఒకవైపు నిటారుగా ఇంకోవైపు వాలుగా ఉంటే ఒకే దిక్కుకి పారే నీళ్లు. అప్పటికి చిప్పలున్న జంతువులే పుట్టలేదు, కాబట్టి అక్కడ "చిప్పలున్నాయా" అని అడగడానికే లేదు, పొరల ఆకారమూ వరసే ఆధారం. చెన్నై పక్కనే శ్రీపెరుంబుదూర్ రాళ్లలో ఒకే చోట మొక్కల ఆకుల ముద్రలూ అమ్మోనైట్లనే సముద్ర జీవులూ రెండూ దొరికాయి, డైనోసార్ల కాలం నాటివి. ఆకును చూసి నేల అనీ, అమ్మోనైట్‌ను చూసి సముద్రమనీ విడివిడిగా వాదిస్తే ఎటూ తేలదు, నది తెచ్చిన ఆకులు చేరేంత దగ్గరి సముద్రం అనుకుంటే రెండూ పొసుగుతాయి.

మీరిప్పుడు చేయాల్సింది చెప్తాను. నీళ్ల బోరు బండి పైకి తెచ్చే మట్టిని నమ్మకండి, నీళ్ల ఒత్తిడికి పై పొర కింద పొర కలిసిపోతాయి, మీరు చెప్పిన 20 అడుగులు నాలుగైదు అడుగులు అటూ ఇటూ కావచ్చు. ఇల్లు కట్టడానికి ఎలాగూ సాయిల్ టెస్ట్ చేయిస్తారు, అందులో ఎస్పీటీ (సుత్తి దెబ్బలతో నేల గట్టితనం కొలిచే పరీక్ష) కోసం గొట్టం దించి తీసే నమూనాలు ఉంటాయి, అవి పారేయకుండా లోతు రాసి కవర్లలో మీకివ్వమని ముందే చెప్పండి, అడక్కపోతే చాలామంది అక్కడే పారేస్తారు. నమూనాను నిలువుగా కత్తితో చీల్చి, నీడలో సగం ఆరనివ్వండి. పూర్తిగా తడిగా ఉంటే అంతా నల్లగా ఒకటే ముద్దలా ఉంటుంది, పూర్తిగా ఆరితే బీటలు వారుతుంది. సగం ఆరినప్పుడు ఇసుక పొరలు ముందు తెల్లబడతాయి, బురద పొరలు నల్లగానే ఉంటాయి, వెంట్రుకంత పొర కూడా కంటికి కనిపిస్తుంది. ఆ ఒక అరగంటలో పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ముఖ్యంగా మన్నూ తెల్ల ఇసుకా కలిసే చోటు. అక్కడ మార్పు మెల్లగా జరిగిందా, గీత గీసినట్టు ఉందా, విరిగిన చిప్పలు ఉన్నాయా అన్నది చూస్తే మీ కింద ఉన్నది నదా బీచా అని చాలావరకు చెప్పగలను.

వాటితో పాటు మీ స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి రెండు మాటలు తప్పకుండా చెప్పండి. ఒకటి, ఈ రకం నల్ల మన్ను బరువు పడితే ఏళ్ల తరబడి కుంగుతుంది, మామూలు ఫుటింగ్ చాలుతుందో పైలింగ్ (లోతుగా దించే స్తంభాల పునాది) కావాలో రిపోర్టు చూసి నిర్ణయించమనండి. రెండు, సల్ఫేట్, క్లోరైడ్ పరీక్షలు మట్టికీ నీటికీ రెండింటికీ చేయించమనండి, సల్ఫేట్ ఎక్కువుంటే పునాదికి వాడే సిమెంటు రకమే మారుతుంది, క్లోరైడ్ ఎక్కువైతే లోపలి ఇనుప కడ్డీలు తుప్పు పడతాయి. ఖర్చు పెద్దగా ఉండదు, ఇల్లు కట్టాక మాత్రం చేయించి ఉపయోగం లేదు.